క్లాక్ టవర్ దగ్గరి ప్రాజెక్టు సెంటర్: అట్ట గట్టిది, లోపలి లెక్క వేరు

నల్గొండ క్లాక్ టవర్ నుంచి కాలేజీల వైపు వెళ్ళే దారిలో జిరాక్స్, డీటీపీ, స్పైరల్ బైండింగ్ అనే మూడు పనులనూ ఒకే బోర్డు మీద రాసుకున్న దుకాణాలు వరుసగా కనిపిస్తాయి. ఆ వరుసలోని ఒక దుకాణం గురించి ఈ సమీక్ష. దాని పేరు చెప్పడం లేదు. నేను ఎత్తిచూపబోయే లోపం ఆ ఒక్కచోటే ఉన్నది కాదు. మెచ్చుకోబోయే గుణం మాత్రం ఆ యజమానిదే కాబట్టి, పేరు లేకపోయినా తనది తాను గుర్తుపడతాడు.

నేను డిగ్రీ కళాశాలలో అర్థశాస్త్రం చెబుతాను. బి.ఏ. ఆఖరి సంవత్సరం విద్యార్థుల ప్రాజెక్టు పనికి గైడుగా ఉండటం నా బాధ్యతల్లో ఒకటి. ఈసారి నా వంతుకు తొమ్మిది మంది వచ్చారు. ముగ్గురేసి చొప్పున మూడు బృందాలు. ఒక బృందం బియ్యం ఎగుమతులను, ఒకటి పల్లెల్లోని అప్పులను, మరొకటి మార్కెట్ యార్డులో కొనుగోలుదారుల మధ్య పోటీని అంశంగా ఎంచుకుంది. మూడింటికీ కావలసిన టైపింగు, ముద్రణ, బైండింగు ఈ దుకాణంలోనే జరిగాయి. ఇవి కాక మరొక సేవ కూడా అక్కడ అమ్ముడుపోతున్నదని నాకు అప్పుడే తెలిసింది.

ముందు బాగున్న సంగతి చెబుతాను. జిరాక్స్ పేజీకి 1 రూపాయి, ప్రింటు 2 రూపాయలు, స్పైరల్ బైండింగు 40, రెగ్జిన్ అట్ట మీద బంగారు రంగు అక్షరాలతో చేసే గట్టి బైండింగు 220 రూపాయలు తీసుకున్నారు. ఈ ధరల్లో విశేషమేమీ లేదు, వరుసలో అందరివీ ఇవే. ఎందుకు ఇవే అన్న ప్రశ్న దగ్గరికి తరువాత వస్తాను. పనిలో మాత్రం శ్రద్ధ ఉంది. పేజీల వరుస తప్పలేదు, అడ్డంగా ఉండవలసిన పట్టికలను అడ్డంగానే అచ్చు వేశారు, బైండింగు వైపు అంచు సరిపడా వదిలారు కనుక అక్షరాలు మడతలోకి పోలేదు. ఇరవై ఏళ్ళుగా ప్రాజెక్టు పుస్తకాలు దిద్దుతున్నవాడిగా చెబుతున్నాను, ఎడమ అంచు సరిగా వదలడం తెలిసిన దుకాణాలు చాలా తక్కువ.

తెలుగు టైపింగు విషయంలో కొంత వివరంగా చెప్పాలి. మన డీటీపీ కేంద్రాలు చాలావరకు ఇప్పటికీ అను ఫాంట్లలోనే పని చేస్తాయి. అవి యూనికోడ్ (ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ చదవగలిగే ఉమ్మడి అక్షర పద్ధతి) కావు. విద్యార్థులేమో ఫోనులో యూనికోడ్‌లో టైపు చేసుకుని వాట్సాప్‌లో పంపుతారు. ఒకదాన్ని మరొకదానిలోకి మార్చేటప్పుడు వత్తులు ఊడిపోతాయి, గుణింతాలు పక్క అక్షరం మీదికి దూకుతాయి, అంకెల మధ్య కామాలు మాయమవుతాయి. అర్థశాస్త్రం ప్రాజెక్టులో వత్తు పోతే నవ్వు వస్తుంది, దశాంశ బిందువు పోతే మాత్రం ప్రాజెక్టే పోతుంది. ఈ దుకాణంలో టైపు చేసే అమ్మాయి మార్చిన ప్రతి పట్టికనూ ఫోనులోని మూలంతో పక్కపక్కన పెట్టి చూసుకోవడం నేను స్వయంగా చూశాను. ఆమెకు అర్థశాస్త్రం తెలియదు. అయినా ఒక పట్టికలో 21.5 అన్నది 215గా మారినప్పుడు, 'ఇంత మిత్తి ఉండదు గద సార్' అని ఆపి అడిగింది. ఆ ఒక్క ప్రశ్నకే నేను ఈ దుకాణానికి మంచి మార్కు వేస్తాను.

ఇక అసలు సంగతి. ప్రింటింగు ధరల పట్టికకు కింద, చిన్న అక్షరాలతో, 'ప్రాజెక్టు వర్క్ చేయబడును' అని మరొక వాక్యం ఉంది. అంశం చెబితే చాలు, వారం రోజుల్లో అట్టతో సహా పుస్తకం చేతికి వస్తుంది. తీసుకునేది 1,500 రూపాయలు. నా బృందాల్లో రెండు ఈ ప్యాకేజీని తెచ్చుకున్నాయి. మూడవ బృందం కూడా తెచ్చుకోబోయింది గాని డబ్బు సర్దుబాటు కాలేదు. తెచ్చిన రెండు పుస్తకాలతో పాటు, నేను అడిగితే యజమాని నమూనాగా ఇచ్చిన మూడవదాన్ని కూడా ముందు పెట్టుకుని ఒక ఆదివారం అంతా చదివాను. ఆ చదువు ఫలితమే ఈ సమీక్షలోని ప్రధాన భాగం.

అప్పుల మీది పుస్తకంతో మొదలుపెడతాను. ముఖపత్రం మీద మునుగోడు వైపు ఉన్న ఒక గ్రామం పేరు ఉంది, లోపల 'ప్రైవేటు వడ్డీ వ్యాపారులు సంవత్సరానికి 2 నుంచి 3 శాతం వడ్డీ వసూలు చేస్తున్నారు' అని ఉంది. ఇది రాసినవారు మన జిల్లాలో ఎన్నడూ అప్పు తీసుకున్నవారు కారు, ఇచ్చినవారూ కారు. మన దగ్గర 'రెండు రూపాయల మిత్తి' అంటే నూరు రూపాయలకు నెలకు రెండు రూపాయలు. ఏడాదికి అది 24 శాతం. మిత్తిని అసలులో కలుపుతూ పోతే 26.8 శాతం. రాసినవారు ఆ రెండు రూపాయలను ఏడాదికి అన్వయించుకుని, దాని మీద ఒక సిద్ధాంతం కూడా కట్టారు: బ్యాంకుల కంటే వడ్డీ వ్యాపారులే చవక కాబట్టి రైతులు వారి దగ్గరికి వెళ్తున్నారట! ఈ వాక్యాన్ని వైవాలో పైనుంచి వచ్చిన పరీక్షకుడు చదివితే ఆ బృందానికి ఏమి జరిగేదో ఊహించుకోవచ్చు.

అదే పుస్తకంలో మైక్రోఫైనాన్స్ మీద నాలుగు పేజీలు ఉన్నాయి. సూక్ష్మ రుణాల చరిత్రలో మన ప్రాంతం మామూలు చోటు కాదు. జాతీయ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు 1992లో మొదలుపెట్టిన స్వయం సహాయక సంఘాలు-బ్యాంకుల అనుసంధానం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వేళ్ళూనుకున్నంతగా మరెక్కడా లేదనవచ్చు. 2010 అక్టోబరులో సూక్ష్మ రుణ సంస్థల వసూళ్ళకు అడ్డుకట్ట వేస్తూ ఆర్డినెన్సు వచ్చింది కూడా ఇక్కడే. ఆ తరువాత రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో కొత్త నిబంధనలు ఇచ్చి, ఏడాదికి 3 లక్షల రూపాయల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చే రుణమే సూక్ష్మ రుణమనీ, అన్ని అప్పుల కిస్తీలూ కలిసి ఆ కుటుంబ నెలవారీ ఆదాయంలో సగం దాటరాదనీ నిర్దేశించింది. దుకాణం పుస్తకంలో 2010 ముచ్చట లేదు, 2022 ముచ్చటా లేదు. బంగ్లాదేశ్ గురించి మాత్రం రెండున్నర పేజీలు ఉన్నాయి.

ఈ బృందాన్ని నేను వెనక్కి పంపి, తమ ఇళ్ళలోని కిస్తీ కార్డులనే తెమ్మన్నాను. ముగ్గురి ఇళ్ళలోనూ ఉన్నాయి. ఒక కార్డు మీద వడ్డీ '12 శాతం ఫ్లాట్' అని ఉంది. పదివేల అప్పుకు ఏడాదికి పన్నెండు వందల వడ్డీ కట్టి, అసలును పన్నెండు సమాన కిస్తీల్లో తీరుస్తూ పోతే, చేతిలో నిజంగా ఉండే అప్పు నెలనెలా తగ్గుతుంది గాని వడ్డీ మాత్రం మొదటి పదివేల మీదనే పడుతూ ఉంటుంది. తగ్గుతున్న అసలు మీద లెక్క కడితే అది దాదాపు 21.5 శాతం. టైపు చేసే అమ్మాయి ఆపి అడిగిన అంకె ఇదే. ఈ లెక్కను విద్యార్థిని ఒకరు తన తల్లికి రాత్రి పూట వివరించిందట. తల్లి విని, 'ఆ సంగతి మాకు ఎరుకే బిడ్డ, అయినా సంఘంల పైసలు పదిహేను దినాలకు గాని రావు' అన్నదట. రుణం ధరతో పాటు రుణం అందే వేగం కూడా ఒక చరరాశి అని నేను తరగతిలో ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కని సంగతి ఆ ఒక్క మాటతో ప్రాజెక్టులోకి వచ్చింది.

బియ్యం ఎగుమతుల పుస్తకం వేరే రకంగా చెడింది. అందులోని ప్రతి వాక్యమూ ఒకప్పుడు నిజమే, కాకపోతే ఆ ఒకప్పుడు 2019. తరువాతి కాలంలో ఏమి జరిగిందో మిర్యాలగూడలో ఏ మిల్లు గేటు దగ్గర అడిగినా చెబుతారు. కేంద్రం 2022 సెప్టెంబరులో నూకల ఎగుమతిని నిషేధించి, బాస్మతి కాని పచ్చి బియ్యం మీద 20 శాతం సుంకం వేసింది. 2023 జులై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతినే నిషేధించింది. ఆగస్టు 25న ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం వచ్చింది. 2024 సెప్టెంబరు చివర తెల్ల బియ్యం మీద నిషేధం తీసి, టన్నుకు 490 డాలర్ల కనీస ధర పెట్టారు. ఉప్పుడు బియ్యం సుంకాన్ని 10 శాతానికి తగ్గించారు. అక్టోబరులో ఆ కనీస ధరనూ, మిగిలిన సుంకాన్నీ తొలగించారు. రెండేళ్ళలో ఇన్ని మలుపులు తిరిగిన విధానం మీద పరిశోధన చేసే అవకాశం మన పిల్లలకు ఇంటి గుమ్మంలోనే దొరికింది. ఇవన్నీ వదిలేసి, 'భారతదేశం బియ్యం ఎగుమతులలో అగ్రస్థానంలో ఉన్నది' అనే ఒక్క వాక్యాన్ని మూడు అధ్యాయాల్లో మూడు రకాలుగా రాసి పుటలు నింపారు.

ఈ బృందంలో ఒకరి తండ్రి మిల్లులో కాంటా దగ్గర పని చేస్తాడు. ఆ ఇంటి మాటల్లో నుంచే వారి ప్రశ్న పుట్టింది: ఉప్పుడు బియ్యం మీద సుంకం పడినప్పుడు ఆ భారం విదేశీ కొనుగోలుదారు మోశాడా, మిల్లరు మోశాడా, వడ్లు అమ్మిన రైతు మోశాడా? ఎవరికి ప్రత్యామ్నాయాలు తక్కువగా ఉంటే సుంకం భారం వారి మీదే ఎక్కువగా పడుతుందని పాఠ్యపుస్తకం చెబుతుంది. ఐకేపీ కేంద్రంలో (మహిళా సంఘాలు నడిపే వడ్ల కొనుగోలు కేంద్రం) మద్దతు ధర ఉన్నంతవరకు దొడ్డు వడ్ల రైతుకు కింద ఒక ఆధారం ఉంటుంది. 2024-25లో ఆ ధర క్వింటాలుకు సాధారణ రకానికి 2,300, ఏ గ్రేడుకు 2,320 రూపాయలు. కాని మిర్యాలగూడ మిల్లులకు టోకెన్లు తీసుకుని నేరుగా వెళ్ళే సన్న వడ్ల ట్రాక్టర్లకు అటువంటి కింది గట్టు అంత బలంగా ఉండదు. 2024 వానాకాలం నుంచి రాష్ట్ర ప్రభుత్వం సన్న వడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనసు ఇవ్వడంతో ఈ లెక్క మళ్ళీ మారింది. ఎగుమతి సుంకం ఎత్తివేత, బోనసు రెండూ ఒకే సీజనులో వచ్చాయి కాబట్టి ధరలో మార్పు దేని వల్ల వచ్చిందో విడదీయడం కష్టమని విద్యార్థులు తమ ముగింపులో నిజాయితీగా రాశారు. విడదీయలేమని రాసిన ఆ పేరా నాకు పుస్తకంలో అన్నిటికంటే నచ్చింది.

మూడవది, నమూనాగా ఇచ్చినది, మార్కెట్లో పోటీ గురించి. ముఖపత్రం మీద నల్గొండ ఉంది, రెండవ అధ్యాయం నుంచి దుగ్గిరాల పసుపు మొదలవుతుంది. గుంటూరు జిల్లా కోసం ఎవరో ఎప్పుడో రాసినదాన్ని ఊరి పేరు మార్చి తిప్పుతున్నారు, మార్చడం కూడా పూర్తిగా మార్చలేదు. అయితే ఆ పుస్తకంలో నన్ను పొట్ట చెక్కలయ్యేలా నవ్వించిన వాక్యం వేరే ఉంది. 'పోటీ చట్టం 2002 ప్రకారం ఏర్పడిన సీసీఐ, రైతుల నుంచి పత్తిని మద్దతు ధరకు కొనుగోలు చేస్తున్నది.' నల్గొండ, పాలమూరు జిల్లాల్లో సీసీఐ అనగానే పత్తి బండ్లు, జిన్నింగు మిల్లు, తేమ శాతం గుర్తుకు రావడం సహజమే. ఆ సీసీఐ 1970లో పుట్టిన కాటన్ కార్పొరేషన్. పోటీ చట్టం కింద ఉన్నది కాంపిటిషన్ కమిషన్, గుత్తాధిపత్యాన్ని అరికట్టడానికి ఉన్న పాత ఎం.ఆర్.టి.పి. చట్టం స్థానంలో వచ్చిన ఈ చట్టం 2002 నాటిదైనా, కుమ్మక్కు ఒప్పందాలను నిషేధించే మూడవ సెక్షను, ఆధిపత్య దుర్వినియోగాన్ని నిషేధించే నాలుగవ సెక్షను అమలులోకి వచ్చింది 2009 మే నెలలో. రెండు సంస్థలకూ ఇంగ్లీషులో పొడి అక్షరాలు ఒకటే కావడంతో, ఎక్కడో రెండు పేరాలు అతుక్కుని ఈ విచిత్ర జంతువు పుట్టింది.

నిజానికి కాంపిటిషన్ కమిషన్‌కూ ఉమ్మడి నల్గొండకూ సంబంధం లేకపోలేదు. వాడపల్లి, మేళ్ళచెరువు, హుజూర్‌నగర్ వైపు సున్నపురాయి మీద నిలబడిన సిమెంటు పరిశ్రమ మనది. 2012 జూన్‌లో కమిషన్ దేశంలోని పదకొండు సిమెంటు కంపెనీలు కుమ్మక్కై ఉత్పత్తినీ ధరలనూ నియంత్రించాయని తేల్చి, మొత్తం 6,300 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. ఆ తీర్పును 2015లో అప్పీలు ట్రిబ్యునల్ విచారణ పద్ధతిలో లోపం ఉందని కొట్టివేస్తే, కమిషన్ మళ్ళీ విచారించి 2016లో మళ్ళీ జరిమానా వేసింది. సిమెంటు బస్తా ధర తన ఇంటి గోడతో ముడిపడి ఉన్న జిల్లా పిల్లవాడికి పోటీ విధానం చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. పసుపు మాత్రం మన యార్డుకు చుట్టపు చూపుగా కూడా రాదు.

ఆ పుస్తకంలోని లెక్కలూ అలాగే ఉన్నాయి. మార్కెట్లో కేంద్రీకరణను కొలవడానికి హెర్ఫిండాల్-హిర్ష్‌మన్ సూచిక వాడతారు. పద్ధతి చాలా సులువు: ఒక యార్డులో నలుగురే ఖరీద్దారులు ఉండి, వారి వాటాలు నూటికి 40, 30, 20, 10 అయితే, ఒక్కొక్కదాన్ని వర్గం చేసి కూడాలి, 1600, 900, 400, 100 కలిసి 3000 అవుతుంది. పదిమంది సమానంగా కొంటే 1000 వస్తుంది. అంకె పెరిగినకొద్దీ కొనుగోలు కొద్దిమంది చేతుల్లో ఉన్నట్లు. దుకాణం పుస్తకంలో వర్గాలు సరిగ్గానే చేశారు గాని, అంతకుముందు ఇచ్చిన వాటాలను కూడితే 112 వచ్చింది. నూటికి నూట పన్నెండు వంతులు కొనే ఖరీద్దారులు ఉంటే రైతులు ఎంత సుఖంగా ఉండేవారో!

ధరల విషయంలో ఇంకొక పొరపాటు ఉంది, ఇది దుకాణాల పుస్తకాల్లోనే కాక మంచి విద్యార్థుల్లో కూడా కనిపిస్తుంది కాబట్టి చెబుతున్నాను. 2000 సంవత్సరం నుంచి నడుస్తున్న కేంద్ర ప్రభుత్వ మార్కెట్ ధరల వెబ్‌సైటు అగ్‌మార్క్‌నెట్‌లో ఏ మార్కెట్‌కైనా కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ అని మూడు ధరలు ఇస్తారు. మోడల్ అంటే ఎక్కువ సరుకు ఏ ధరకు పోయిందో అది. పుస్తకంలో మోడల్ ధరను వదిలేసి, కనిష్ఠ గరిష్ఠాలను కూడి సగం చేసి 'సగటు ధర' అన్నారు. ఒక్క తడిసిన కుప్ప అతి తక్కువకు పోయిన రోజున ఆ సగటు ఒక్కసారిగా పడిపోతుంది, ఆ పడిపోవడానికి రాసినవారు వర్తకుల కుట్ర అని కారణం చెబుతారు. 2016 ఏప్రిల్ 14న జాతీయ ఎలక్ట్రానిక్ వ్యవసాయ మార్కెట్ అయిన ఈ-నామ్ మొదలైనప్పుడు తొలి విడతలో చేరిన మార్కెట్లలో ఉమ్మడి పాలమూరు నుంచి బాదేపల్లి (జడ్చర్ల), ఉమ్మడి నల్గొండ నుంచి తిరుమలగిరి ఉన్నాయి. ఈ-నామ్‌కు ముందు, తరువాత ధరలను పోల్చడానికి ఇంత అనువైన చోటు ఉండగా, పుస్తకంలో వీటి ప్రస్తావన ఒక్క వాక్యానికి మించలేదు.

మూడు పుస్తకాల్లోనూ ఉమ్మడిగా ఉన్న ఒక తప్పు గురించి గైడులందరికీ చెప్పదలిచాను. జిల్లా గణాంకాలను 2012 నుంచి 2020 వరకు ఒకే పట్టికలో వరుసగా పేర్చారు. 2016 అక్టోబరు 11న నల్గొండ మూడు జిల్లాలైంది: నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి. మహబూబ్‌నగర్ నుంచి అదే రోజున నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగుళాంబ గద్వాల వేరుపడ్డాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా వెళ్ళిపోయింది. ఈ సంగతి పట్టించుకోకుండా గీసిన గ్రాఫులో వరి ఉత్పత్తి ఒక్కసారిగా కుంగిపోతుంది. కింద, 'వర్షాభావం వలన' అని వివరణ. జిల్లా మూడు ముక్కలైతే వర్షాన్ని నిందించడం అన్యాయం కాదా?

ఈ సేవ ఎందుకు అమ్ముడుపోతున్నదో కూడా ఆలోచించవలసి ఉంది, అందులో మా తప్పు మొదటిది. ప్రాజెక్టు యాభై పేజీలకు తగ్గరాదన్న నియమం మేమే పెట్టుకున్నాము. గట్టి అట్ట ఉంటే ఒక రకంగానూ, స్పైరల్ ఉంటే మరొక రకంగానూ చూసే పరీక్షకులు మాలో ఉన్నారు. ఇరవై పేజీల నిజమైన పనికి ముప్పై పేజీల పొట్టు కలిపితే గాని మార్కులు రావని తెలిసిన పిల్లవాడు ఆ పొట్టును ఎక్కడో ఒకచోట కొంటాడు. యజమానిని ఈ ప్యాకేజీ గురించి సూటిగా అడిగాను. ఆయన దాచలేదు. 'నేను రాయ సార్, హైదరాబాదు నుంచి సీడీల వచ్చేటివి, ఇప్పుడు వాట్సాప్‌ల వస్తున్నయ్. పిల్లలు అడుగుతరు, ఇస్త. మీరు అడగకుంటె వాళ్ళు అడగరు' అన్నాడు.

ఇక్కడే ఈ సమీక్ష మరొక దారి తొక్కింది. పోటీ మీద పని చేస్తున్న మూడవ బృందం, ప్యాకేజీ కొనలేక మిగిలిన బృందం, మొదట యార్డుకు వెళ్ళింది. బత్తాయి సీజను కాదు, పత్తి అయిపోయింది, వడ్లు ఇంకా రాలేదు. ఉన్న కొద్దిపాటి సరుకు దగ్గర ఖరీద్దారుల పేర్లు రాసుకుని, తూకం వేసే దడ్వాయిలతో, హమాలీలతో మాట్లాడితే, అమ్మకం పట్టీల మీద పేర్లు వేర్వేరుగా ఉన్నా వారిలో కొందరు ఒకే మిల్లు కోసం కొంటున్నారని తెలిసింది. అంటే పేర్లను బట్టి వాటాలు కడితే సూచిక తక్కువగా కనిపిస్తుంది, మిల్లును బట్టి కడితే ఎక్కువ అవుతుంది. ఇది చాలా మంచి పరిశీలన. కాని నెల రోజుల సరుకు రాక లేనిదే దాన్ని నిలబెట్టలేమని వారే గ్రహించి, కాలేజీకి తిరిగి వస్తూ జిరాక్స్ దుకాణంలో కూర్చున్నప్పుడు, 'సార్, ఈ వరుసలో అందరి రేటూ ఒకటే ఎందుకున్నది?' అని అడిగారు. అదే వారి ప్రాజెక్టు అయింది.

ఒకే రకమైన సరుకు అమ్మే ఇద్దరు ధర మీద పోటీ పడితే ధర ఖర్చు వరకు దిగిపోతుందని ఫ్రెంచి గణితవేత్త బెర్‌ట్రాండ్ 1883లో చూపాడు. ఈ వీధిలో జిరాక్స్ ఒకే రకమైన సరుకు, దుకాణాలు ఏడు, ధర మాత్రం ఖర్చు వరకు దిగలేదు. కుమ్మక్కా? విద్యార్థులు మూడవ సెక్షను చదువుకుని ఉత్సాహంగా ఆ మాట రాసుకొచ్చారు. నేను వద్దన్నాను. ధరలు ఒకేలా ఉన్నంత మాత్రాన ఒప్పందం ఉన్నట్లు కాదు. కాగితం రీము అందరికీ ఒకే ధరకు వస్తుంది, కరెంటు ఒకటే, యంత్రాలూ పాతవే. ఒకరినొకరు గమనించుకుంటూ విడివిడిగా తీసుకున్న నిర్ణయాలు కూడా ఒకే ధర దగ్గర ఆగవచ్చు. ఇదే సంగతి యజమాని ఒక్క వాక్యంలో చెప్పాడు: 'నేను ఎనభై పైసలు అంటె పక్కాయన గూడ అదే అంటడు సార్, అప్పుడు ఇద్దరం మునుగుతం, అందుకే ఎవరం దిగం.' పదే పదే ఆడే ఆటలో పోటీదారులు ఎందుకు సహకరిస్తారన్న పాఠాన్ని నేను రెండు గంటలు చెబుతాను.

ధరలో లేని పోటీ ఎక్కడికి పోయిందో వెతకడమే విద్యార్థుల అసలు పని అయింది. అది సమయంలో ఉంది: ఈ దుకాణం పరీక్షల రోజుల్లో ఉదయం ఏడింటికే తెరుస్తుంది. తెలుగు టైపింగులో ఉంది. అన్నిటికంటే ఎక్కువగా ఖాతా పుస్తకంలో ఉంది: హాస్టలు పిల్లలు డబ్బులు లేకపోయినా నోట్సు జిరాక్స్ తీసుకుని, స్కాలర్‌షిప్ వచ్చినప్పుడు కడతారు, మిత్తి ఉండదు. ఆ అప్పు ఖరీదు రూపాయి ధరలో కలిసే ఉందని, చేతిలో పైసలున్న విద్యార్థి తనకు తెలియకుండానే లేని విద్యార్థి మిత్తిని మోస్తున్నాడని బృందం రాసింది. యార్డులో కమీషను మీద అమ్మిపెట్టే అడ్తిదారు రైతుకు పెట్టుబడి ఇచ్చి పంటను తన దగ్గరికే రప్పించుకునే పద్ధతితో దీన్ని పోల్చారు. పోలిక పూర్తిగా సరిపోదు, అడ్తి అప్పుకు మిత్తి కూడా ఉంటుంది, తూకంలో తరుగు కూడా పోతుంది. ఆ తేడాను కూడా రాయమన్నాను. ఖాతా పుస్తకాన్ని పేర్లు కప్పి చూపించడానికి యజమాని ఒప్పుకున్నాడు. తన ప్యాకేజీని కొనని పిల్లలకు తన లెక్కలు చూపించాడంటే, అది ఆయన పెద్దమనసనే అనుకుంటాను.

కనుక నా సలహా ఇది. ముద్రణకు, తెలుగు పట్టికలకు, బైండింగుకు ఈ దుకాణానికి నిస్సంకోచంగా వెళ్ళండి. ఆఖరు తేదీకి మూడు రోజుల ముందే వెళ్ళండి, ఎందుకంటే చివరి రోజున వరుస రోడ్డు మీదికి వస్తుంది. టైపు చేసిన ఫైలు ఇచ్చేటప్పుడు దాని పీడీఎఫ్ కూడా పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళండి, అంకెలు పోల్చుకోవడానికి. పదిహేను వందల ప్యాకేజీ జోలికి పోకండి. ఆ డబ్బుతో మిర్యాలగూడకో, జడ్చర్లకో కొన్నిసార్లు బస్సెక్కి వెళ్ళి రావచ్చు; సమాచారానికి అగ్‌మార్క్‌నెట్, రిజర్వు బ్యాంకు గణాంకాలు, కమిషన్ తీర్పులు, రాష్ట్ర ప్రభుత్వం ఏటా వెలువరించే సామాజిక ఆర్థిక ముఖచిత్రం అన్నీ ఉచితమే.

మూడవ బృందం పుస్తకం అచ్చయిన రోజున యజమాని దాన్ని కౌంటరు మీద పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా తిరగేశాడు. నాలుగవ పట్టిక దగ్గర ఆగి, అక్కడ వేసిన కాగితం రీము ధర పాతదని, సంక్రాంతి తరువాత పెరిగిందని చెప్పి బిల్లు తీసి చూపించాడు. ఆయన చెప్పినదే నిజం. ఆ ఒక్క పేజీ మార్చి మూడు ప్రతులకు మళ్ళీ అచ్చు వేయించాము. ప్రింటుకు 6 రూపాయలు తీసుకున్నాడు, స్పైరల్ విప్పి తిరిగి చుట్టినందుకు ఏమీ తీసుకోలేదు.